గుడ్డ నడుం చిక్కింది

మా నమూనాల పుస్తకం 17వ పేజీలో జానెడు గుడ్డముక్క ఒకటి అతికించి ఉంది. తెల్ల పడుగు, నీలం పేక. మొదలుపెట్టిన చోట 8 అంగుళాల వెడల్పున్న గుడ్డ చివరికొచ్చేసరికి ఆరున్నరకి దిగింది. దాని కింద ముగ్గురి మాటలున్నాయి. మొదటిది: "వార్ప్ టెన్షన్ యూనిఫామ్‌గా మెయింటేన్ చేయబడలేదు. ఫలితంగా విడ్త్ రిడక్షన్ గమనించబడింది." రెండోది: "నాకు అంతగా తెలీదు, తప్పయితే ఏమనుకోకండి, పేక వేసేటప్పుడు కొంచెం వదులుగా వేస్తే బాగుంటుందేమో అనిపిస్తోంది." మూడోది చేతిరాత నాదే గానీ మాట నాది కాదు, మా చిన్నమ్మది: "పేక లాగినావు. గుడ్డ నడుం చిక్కింది. పేకని వాల్చి వెయ్యి."

ముగ్గురూ చెప్తున్నది ఒక్క లోపం గురించే. మొదటివారు కారణాన్ని తప్పు పట్టుకున్నారు. పడుగు బిగువు బాగానే ఉంది. రెండోవారు సరిగ్గా పట్టుకున్నారు. చిన్నమ్మ పట్టుకోవడమే కాదు, మందు కూడా చెప్పింది. పేక పోగుని పడుగులో తిన్నగా కాకుండా ఏటవాలుగా పరిచి అప్పుడు దువ్వెనతో కొడితే, వంకరలు తిరగడానికి కావలసినంత నూలు దానికి మిగులుతుంది, అంచులు లోపలికి రావు. అయినా ఆ నెల మేం కూర్చున్నప్పుడు గంటసేపు మాట్లాడింది మొదటి వాక్యం గురించి. రెండో వాక్యాన్ని ఎవరూ ఎత్తలేదు. మూడోదాన్ని చదివి అందరూ హాయిగా నవ్వారు. "ఎంత బాగా చెప్పిందండీ పెద్దావిడ!" అన్నారు. ఆ మెచ్చుకోలు దగ్గరే నాకు ముల్లు గుచ్చుకుంది. మెచ్చుకున్నారు గానీ దాన్నొక సమాధానంగా తీసుకోలేదు.

ముందు మేమెవరో చెప్పాలి. ఆదోనిలో మేం ఆరుగురం, నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. బల్లమీద పెట్టుకునే చిన్న మగ్గాల మీద సరదాకి నేస్తాం. ఇంటినుంచే ఉద్యోగం చేసుకునే ఇంజినీరు అబ్బాయి ఒకడు ఈ పిచ్చి మొదలుపెట్టాడు. తర్వాత రిటైరైన బ్యాంకాయన, ఫిజిక్సు పాఠాలు చెప్పే మేడం, ఆవిడ తోటికోడలు, మందుల షాపు నడిపే ఒకావిడ, తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నేను. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలుస్తాం. నేసిన ముక్కని ఒక పెద్ద పుస్తకంలో అతికించి ఎట్లా నేశామో పక్కన రాస్తాం. పుస్తకం ఒక్కొక్కరింట్లో కొన్నాళ్ళుంటుంది. వాళ్ళు తమ ప్రశ్నలూ సలహాలూ అంచుల్లో రాస్తారు. చూస్తుండగానే పుస్తకం నిండిపోయింది. గుడ్డకంటే రాతే ఎక్కువైంది.

పాఠాలు చెప్పిన అలవాటు కదా, నేను గుడ్డలకంటే వాక్యాల్నే ఎక్కువ చూశాను.

మా మగవాళ్ళిద్దరి వాక్యాల్లో కర్త ఉండడు. 'చేయబడింది', 'గమనించబడింది', 'అడ్జస్ట్ చేయాల్సి ఉంటుంది'. తెలుగులో ఈ 'బడు' మాటల్లో నడిచే ప్రయోగం కాదని బళ్ళో పిల్లలకి కూడా తెలుసు. అన్నం వండబడింది, రండి తినండి అని ఏ ఇంట్లోనూ అనరు. కానీ మగ్గం ముందు కూచున్న మనిషి పెన్ను పట్టుకోగానే మాయమైపోయి, ఆ జాగాలో ఒక ప్రయోగశాల వచ్చి కూచుంటుంది. పోగు తెంపింది ఎవరో తెలీదు, పోగు తెగినట్టు మాత్రం నివేదిక వస్తుంది. ఇందులో ఒక సౌకర్యం ఉంది. కర్త లేని వాక్యాన్ని ఎదిరించడం కష్టం. ఎవరితో వాదిస్తాం?

ఆడవాళ్ళ వాక్యాల్లో కర్త ఉంటుంది గానీ తలుపు చాటున నిలబడి ఉంటుంది. 'నాకు తెలీదు గానీ', 'పొరపాటేమో', 'మీరే చెప్పాలి', 'అనుకుంటున్నాను'. ఇవి లేని పేజీ లేదు. 17వ పేజీలో రెండో వాక్యం రాసింది ఫిజిక్సు మేడం. బిగువు, రాపిడి, బలాలు, ఆవిడ ముప్పయ్యేళ్ళుగా నల్లబల్లమీద బొమ్మలు గీసి చెప్తున్న విషయాలే. ఆవిడకి తెలియక కాదు. అడిగితే, "అట్లా రాస్తే ఎవరూ గొడవపడరు మేడం" అంది. క్లాసులో ఎప్పుడైనా 'నాకు తెలీదు గానీ న్యూటన్ ఇట్లా అన్నాడేమో' అని చెప్తారా అన్నాను. నవ్వి ఊరుకుంది. క్లాసులో ఆవిడ చేతిలో సిలబస్ ఉంది. ఇక్కడ లేదు. ఉద్యోగం ఇచ్చిన అధికారాన్ని గేటు దగ్గరే అప్పజెప్పి ఇంటికి రావడం మనలో చాలామందికి అలవాటే.

మూడో రకం మా చిన్నమ్మది. ఆమె వాక్యాల్లో ఎప్పుడూ నువ్వు ఉంటావు. 'నువ్వు లాగినావు.' 'నువ్వు తొందరపడినావు.' తప్పు నీది, దిద్దుకునే చెయ్యీ నీదే. అందులో కోపం లేదు, మర్యాదా లేదు. పనివాళ్ళు పక్కపక్కన కూచుని మాట్లాడుకునే పద్ధతి అది.

చిన్నమ్మది ఎమ్మిగనూరు. ఆదోని నుంచి బస్సులో గంట. మా అమ్మవాళ్ళదీ అదే ఊరు, అదే ఇల్లు, ఒకప్పుడు రెండు గుంటమగ్గాలున్న ఇల్లు. ఎమ్మిగనూరు పేరు చెప్తే ఇప్పటికీ పెద్దవాళ్ళకి దుప్పట్లూ తువ్వాళ్ళూ గుర్తొస్తాయి. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతవాళ్ళ సహకార సంఘం పెట్టారు. దేశంలో చేనేత సహకార సంఘాల గురించి మాట్లాడేవాళ్ళు ఆ పేరు చెప్పకుండా ఉండరు. ఆ చరిత్ర రాసినవాళ్ళున్నారు. దాని జోలికి నేను పోను. నాక్కావలసింది మగ్గం గుంటకి ఇవతల, గోడవారన రాట్నం దగ్గర కూచున్న మనిషి.

చిన్నమ్మ ఏడేళ్ళప్పుడు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు 74. చిలపల్ని గంజిలో ముంచడం, ఆరబెట్టడం, చిక్కు తీయడం, రాట్నం మీద నూలు తోడడం, నాడెలోకి కండెలు చుట్టి అందించడం, పాత పడుగు అయిపోయాక కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే దానికి అతకడం. ఇదంతా చేసింది. మగ్గం మీద కూచునే మనిషికి పేరుంది, నేతగాడు. ఇదంతా చేసే మనిషికి మా ఇంట్లో పేరు లేదు. 'ఆమె కండెలు చుడతాది' అనేవాళ్ళు, అంతే. అది పని పేరు, మనిషి పేరు కాదు. కూలి నేసిన గుడ్డకి వచ్చేది, తాత చేతికి వచ్చేది. కండెలకి వేరే లెక్క లేదు. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు చేనేత పనివాళ్ళు తేలారు. వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళు. అయినా నేతగాడు అన్న మాటకి జోడీగా నాలుక మీద సులభంగా తిరిగే స్త్రీలింగ రూపం మనకి తట్టదు. నేతగత్తె అని రాసి చూడండి, ఎవరో కథ కోసం పుట్టించినట్టుంటుంది.

మేం మగ్గాలు కొనుక్కున్నామని చెప్పినప్పుడు చిన్నమ్మ మొదట అడిగింది, "గుడ్డ ఎంతకు అమ్ముతారు?" అని. అమ్మం, హాబీ అన్నాను. "హాబీ అంటే?" సరదాకి చేసే పని అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "పొద్దు పోక చేస్తుండారా!" అంది. ఎగతాళిగా కాదు, నిజంగా ఆశ్చర్యపడి. ఆ ఆశ్చర్యం ఇంకా పూర్తిగా తీరలేదనే అనుకుంటాను. కానీ మా మొదటి గుడ్డలు చూడగానే ఆమె చెయ్యి ఊరుకోలేదు. రెండువేళ్ళ మధ్య పట్టి నలిపి, వెలుతురికి ఎత్తి చూసి, "గుల్ల నేత" అంది. అప్పటినుంచి మూడుసార్లు ఆదోని వచ్చింది. నేను ఎమ్మిగనూరు ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు.

ఆమె మాటల్లో మగ్గానికి ఒళ్ళుంటుంది. నాడె దూరాలంటే పడుగు నోరు తెరవాలి. పేక లాగితే గుడ్డ నడుం చిక్కుతుంది. ఒకపక్క బిగువు తగ్గితే పడుగు అలిగింది. ఇంజినీరు అబ్బాయికి ఇవన్నీ కవిత్వంలా వినిపిస్తాయి. "మీ చిన్నమ్మగారు భలే పొయెటిక్ మేడం" అంటాడు. కాదు బాబూ, ఆమె కవిత్వం చెప్పడం లేదు. నడుం చిక్కడం అంటే గుడ్డ మొదటా చివరా సరిగ్గా ఉండి మధ్యలో సన్నబడటం. ఒకవైపునుంచి సన్నబడుతూ పోవడం వేరు, దానికామె ఇంకో మాట వాడుతుంది. విడ్త్ రిడక్షన్ అన్న మాటలో ఈ తేడా లేదు. నిజానికి 17వ పేజీ ముక్కకి చిన్నమ్మ వేరే ముక్క కూడా తెచ్చి పక్కన పెట్టమంది, తరవాత సగం వెడల్పు తిరిగొచ్చిన గుడ్డ. రెండూ కలిపి చూస్తే గానీ నడుం కనిపించదు. ఏ మాట కచ్చితమైందో, ఏ మాట వదులైందో మీరే చెప్పండి.

లెక్కల విషయానికొద్దాం, అక్కడైతే వాదన తేలిక. సాంకేతిక భాష అంటే అంకెలుండాలి అంటాడు బ్యాంకాయన. సరే. మా జేజి పడుగుని పుంజాల్లో లెక్కపెట్టేది. పుంజం అంటే 120 పోగులు. అంగుళానికి 40 పోగుల చొప్పున 30 అంగుళాల తువ్వాలు నెయ్యాలంటే 1200 పోగులు, అంటే 10 పుంజాలు. ఇంత వెడల్పులో ఎన్ని పుంజాలో చెప్తే గుడ్డ ఎంత దగ్గరనేతో తెలిసిపోతుంది. మా పుస్తకాల్లో 'అంగుళానికి ఎన్ని ఎండ్స్' అని రాసుకునేది దీన్నే. కోరమాండల్ తీరం గుడ్డలు సముద్రం దాటి పోతున్న రోజుల్లో ఇంగ్లీషు కంపెనీ ఖాతాల్లో కూడా ఈ పుంజం అన్న తెలుగు మాటే ఉండేది. వాళ్ళు గుడ్డ రకాన్ని పుంజాలతో చెప్పి కొనుక్కున్నారు. అప్పటి లండన్ వర్తకులకి స్థానిక పదం కానిది, ఇప్పటి ఆదోని ఆదివారాల్లో స్థానిక పదమైంది!

నూలు నంబరు సంగతీ అంతే. చిన్నమ్మ పోగుని వేళ్ళ మధ్య తిప్పి "ఇది నలభై, అరవై కాదు" అంటుంది. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని తూగుతాయో అది నంబరు. 40 తూగితే 40 నంబరు. పోగు సన్నబడేకొద్దీ నంబరు పెరుగుతుంది. ఇంగ్లండు మిల్లుల నుంచి వచ్చిన లెక్క ఇది. చిన్నమ్మకి పౌనూ గజమూ అక్కర్లేదు, ఆమె వేలికి ఆ లెక్క తెలుసు. ఆమె వాడే మాటల్లో స్వచ్ఛమైన తెలుగు కోసం వెతికితే దొరకదు కూడా. నంబరు, బాబిను, ఫ్రేము, టైటు, అన్నీ ఉన్నాయి. కాబట్టి ఇది ఇంగ్లీషుకీ తెలుగుకీ తగాదా కాదు. ఆమె నోట్లో ఇంగ్లీషు మాట కూడా స్థానిక పదమైపోతుంది. ఇంజినీరు నోట్లో తప్పు ఇంగ్లీషు కూడా సాంకేతిక పదమైపోతుంది. తగాదా అక్కడ.

ఈ ప్రాంతంలో మాటలు ఒక్క భాషలో కూచోవు. ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉంది, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలుకొచ్చింది. మా వీధుల్లో ఇప్పటికీ ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, ఆ పక్కన ఉర్దూ. మనం పడుగుపేక అన్నదాన్ని కన్నడంవాళ్ళు హాసుహొక్కు అంటారు, నాడెని లాళి అంటారు. రెండు భాషల్లోనూ ఈ జంటమాట మగ్గం దిగి సాహిత్యంలోకి వెళ్ళిపోయింది. మన విమర్శ వ్యాసాలే తీసుకోండి. కథలో వస్తువూ శిల్పమూ పడుగుపేకల్లా కలిసిపోయాయని రాయనివాళ్ళెవరు? ఈ పత్రిక చదివేవాళ్ళని అడుగుతున్నాను, నొచ్చుకోకండి. పడుగు నిలువా పేక నిలువా? నా క్లాసుల్లో ఏటా అడిగేదాన్ని. సగానికి సగం చేతులు తప్పువైపే లేచేవి. మగ్గం మన వాక్యాల్లోకి వచ్చింది గానీ దాని వెనక మనుషులు రాలేదు.

మనుషుల దగ్గరికి వెళ్ళి మాటలు అడిగిన పని ఒకటి మన భాషలో జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మొదటి సంపుటం వ్యవసాయం మాటలది, 1971లో వచ్చిన రెండోది పూర్తిగా చేనేత మాటలది. ఏ ఊళ్ళో ఏ పనిముట్టుని ఏమంటారో ఆ ఊళ్ళకి వెళ్ళి అడిగి రాసుకున్నారు. వ్యవసాయం మాటలు ఎక్కడెక్కడ మారుతున్నాయో చూసే ఆయన తెలుగుని నాలుగు మాండలిక మండలాలుగా విడగొట్టారు. అంటే రైతుల నాగలి మాటలు మన భాషాశాస్త్రానికి పటం గీసిపెట్టాయి. అదే కాలంలో ఇంకో పక్క 1968లో తెలుగు అకాడమీ వచ్చి కాలేజీ చదువుల కోసం పారిభాషిక పదాలు తయారుచేసింది. నేను ఆ రెండో రకం పదాలతోనే బతికాను. వాటిని చిన్నచూపు చూడను, అవి లేకపోతే మా పల్లెటూరి పిల్లలు డిగ్రీ సైన్సు తెలుగులో చదివేవాళ్ళు కాదు. కానీ ఒకే పదేళ్ళలో పుట్టిన ఈ రెండు పదకోశాలకీ సంబంధం కుదరలేదు. ఒకటి మాండలికం అల్మారాలోకీ ఇంకోటి శాస్త్రం అల్మారాలోకీ వెళ్ళాయి. ఫ్యాక్టరీల్లో, కాలేజీల్లో మాటలు కావలసి వచ్చినప్పుడు సంస్కృతంలో వెతికారు, మగ్గం గుంటలో వెతకలేదు.

వృత్తులన్నీ ఇట్లా అల్మారాల్లోకి వెళ్ళాయి గానీ, ఒక్క చోట మాత్రం ఆడవాళ్ళ సాంకేతిక భాష అచ్చులో తలెత్తుకుని తిరిగింది. వంట. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం. చక్కెర నీళ్ళు ఎంత వేడెక్కితే ఏ దశకొస్తాయో థర్మామీటరు లేకుండా చెప్పే మాటలివి. వేళ్ళ మధ్య తీగ సాగడం, నీళ్ళలో వేస్తే ఉండ కట్టడం, ప్రతిదానికీ పరీక్ష ఉంది. ఎవరు చేసినా అదే ఫలితం వస్తుంది. శాస్త్రం కోరేది ఇంతకంటే ఏముంది? మాలతీ చందూర్‌గారు 1952 నుంచి దశాబ్దాల తరబడి ఆంధ్రప్రభలో 'ప్రమదావనం' నడిపినప్పుడు ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఉత్తరాలు రాశారు, ఆవిడ జవాబులు చెప్పారు. ఒకావిడ అడగడం, ఇంకొకావిడ చెప్పడం, తక్కినవాళ్ళు చదివి తమ వంటింట్లో చేసి చూడటం. ఆ జవాబుల్లో 'బడు' వెతికితే దొరకదు. దాన్ని ఆడవాళ్ళ శీర్షిక అన్నాం, సాంకేతిక చర్చ అనలేదు. మా ఇంజినీరు అబ్బాయి రవ్వలడ్డు ఉండకట్టక ఫిజిక్సు మేడంని అడిగాడనుకోండి, అప్పుడు ఆవిడ 'నాకు తెలీదు గానీ' అనదు. ఖచ్చితంగా అనదు. "పాకం లేతది పట్టావు" అంటుంది. అచ్చం మా చిన్నమ్మలా.

ఆడవాళ్ళ పని ఎప్పుడు టెక్నాలజీ అవుతుందో చూడాలంటే తెలంగాణలో ఆలేరు దగ్గరికి వెళ్ళాలి. పోచంపల్లి చీరకి రంగులద్దే ముందు పట్టుపోగుల్ని ఆసు మీద పోయాలి. అర్ధచంద్రంలా పాతిన మేకుల చుట్టూ చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ పోగు వేయడం, ఒక్కో చీరకి వేలసార్లు. ఆడవాళ్ళే చేసేవాళ్ళు, భుజాలు పడిపోయేవి. చింతకింది మల్లేశంగారు తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఏళ్ళ తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. ఆయన్ని తల్చుకుంటే నాకు గౌరవమే. ఎన్ని భుజాలు నిలబెట్టాడు! పైగా యంత్రానికి ఆసు అన్న మాటనే ఉంచాడు, ఇంకో పేరు అతికించలేదు. కానీ ఒకటి గమనించండి. ఆ యంత్రం ఏం చెయ్యాలో, పోగు ఎన్నిసార్లు ఎటు తిరగాలో, ఎంత బిగువుండాలో తెలిసినది ఆ తల్లులకి. ఆ తెలివి చేతుల్లో ఉన్నంతకాలం దాన్ని ఓపిక అన్నాం. మోటారుకి ఎక్కాక ఆవిష్కరణ అన్నాం. కండెలు చుట్టేవాళ్ళది మనం చేతివాటం అంటాం, అలవాటు అంటాం, పుట్టుకతో వచ్చిందంటాం. చిన్నమ్మకేం పుట్టుకతో రాలేదు. ఏడేళ్ళ పిల్ల నూలు తెంపినప్పుడల్లా వాళ్ళమ్మ చేతిలో దెబ్బలు తిని నేర్చుకుంది.

ఇప్పుడు మా తగాదా. నమూనాల పుస్తకాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేద్దామనుకున్నాం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తెలుగులో ఏమీ లేదు, ఉపయోగపడుతుందని. రాతలన్నీ ఒకదారికి తెచ్చే పని బ్యాంకాయన తీసుకున్నాడు. ఓపికమంతుడు, నెలన్నర కూచుని చేశాడు. వచ్చిన ప్రతి చూస్తే చిన్నమ్మ మాటలన్నీ కొటేషన్లలో ఉన్నాయి. వార్ప్, వెఫ్ట్, రీడ్ మాత్రం ఏ గుర్తూ లేకుండా దర్జాగా నడుస్తున్నాయి. చివర ఒక అనుబంధం, 'కొన్ని స్థానిక పదాలు'. 'చిన్నమ్మ చెప్పింది' అని నేను రాసిన చోటల్లా 'అనుభవజ్ఞులచే సూచించబడింది' అని మారింది. ఫిజిక్సు మేడం 'నాకు తెలీదు గానీ'లన్నీ కొట్టేశాడు, అది మంచి పనే. కాకపోతే కింద ఆవిడ పేరు కూడా పోయింది, పొట్టివాక్యం కదా, పేరెందుకని.

వార్ప్ మాత్రం స్థానిక పదం కాదా అన్నాను. ఇంగ్లండులో ఏదో ఊరి సాలెవాళ్ళ నోట అరిగిన మాటే కదా, వాళ్ళ చిన్నమ్మలెవరో అన్నదే కదా. ఆయన తొణకలేదు. "మీ చిన్నమ్మ మాట మార్కాపురంలో కూడా తెలీకపోవచ్చు మేడం. ఇంగ్లీషు మాటైతే ఎవరికైనా పుస్తకాల్లో దొరుకుతుంది, వెతుక్కుంటారు. నేను నేర్చుకునేవాడి కోసం ఆలోచిస్తున్నా" అన్నాడు. కొట్టిపారేయగలిగిన మాట కాదిది. మాండలిక పదకోశం తెరిస్తే ఒక్కో పనిముట్టుకి ఎన్ని పేర్లో. ఏదో ఒకటి ఎంచుకుంటే తక్కిన ఊళ్ళవాళ్ళకి అది పరాయిదే. కానీ నేర్చుకునేవాడు అన్నప్పుడు ఆయన కళ్ళముందున్నది ఎవరు? ఇంగ్లీషు పుస్తకం కొనగలిగినవాడు, మగ్గం కొనగలిగినవాడు. ఎమ్మిగనూరులో మా చిన్నమ్మ మనవరాలు ఇంటర్ చదువుతోంది. మగ్గం ముట్టుకోనంటుంది, తప్పులేదు. ఏ రోజైనా ఆ పిల్ల ఈ పుస్తకం తెరిస్తే తన ఇంట్లో మాటలు అనుబంధంలో, కొటేషన్ల మధ్య, సంతలో తప్పిపోయిన పిల్లల్లా కనిపించకూడదు. నా పట్టుదల అదీ.

గట్టిగానే అరుచుకున్నాం. మందుల షాపావిడ మధ్యలో లేచి టీ పెట్టింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి, గ్లాసులు అందిస్తూ, "నా షాపుకొచ్చేవాళ్ళు కడుపులో తిప్పుతోంది అంటారు, కళ్ళు తిరుగుతున్నాయంటారు, వికారం అంటారు. మూడూ డాక్టరు చీటీలో ఒకటే మాటైపోతాయి. కానీ నేను మూడింటికీ ఒకే మాత్ర ఇవ్వను" అంది. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చివరికి కుదిరింది ఇది. పుస్తకం లోపలంతా పడుగు, పేక, నాడె, కండె, పుంజం నడుస్తాయి. కొటేషన్లు తీసేస్తాం. ఇంగ్లీషు మాటలు చివర పట్టికలో వస్తాయి, వెతుక్కునేవాళ్ళు వెతుక్కుంటారు. 'బడు'లు తీయడానికి బ్యాంకాయన ఒప్పుకున్నాడు గానీ రెండు మూడు చోట్ల బేరం పెట్టాడు, వదిలేశాను. ఎవరి మాట కింద వారి పేరుంటుంది. దాంతో చిన్నమ్మ పేరు ఎట్లా వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. ఎమ్మిగనూరు పోయి అడిగాను.

విషయమంతా విని, "పేరేస్తే కూలి ఇయ్యరా?" అంది.

నాకు నోట మాట రాలేదు. "మూడు దినాలు మీ ఊరికి వస్తి. బస్సు చార్జీ నువ్వు పెట్టుకుంటివి, సరే. మూడు దినాల కూలి? మీకు పొద్దు పోయేదానికి. నాకు పని గదా అది" అంది. అదే గొంతు, అందులో కోపం లేదు, మర్యాదా లేదు. అరవై ఏళ్ళకి పైగా చుట్టిన కండెలకి వేరే లెక్క అడగని మనిషి, మాటలకి అడిగింది. ఆరుగురం పోగేసి ఇచ్చాం. ఎంతివ్వాలన్నదాని మీద మళ్ళీ చర్చ. నేతకూలి లెక్కనా, కన్సల్టెంటు లెక్కనా అని ఇంజినీరు అబ్బాయి అడిగాడు. వాడు వెటకారంగా అన్నాడనుకున్నాం. కాదు, నిజంగానే అడిగాడు. వాళ్ళ ఆఫీసులో సలహా ఇచ్చేవాళ్ళకి గంటకి ఎంతిస్తారో చెప్పాడు. ఆ లెక్కన ఇవ్వలేకపోయాం గానీ నేతకూలికంటే బాగానే ఎక్కువిచ్చాం. చిన్నమ్మ నోట్లు లెక్కపెట్టుకుని, ఒకటి నా చేతిలో పెట్టి, పోయేటప్పుడు పిల్లకి బిస్కెట్లు కొనివ్వమంది.

పేరు సంగతి ఇంకా తేలలేదు. పుట్టింటి ఇంటిపేరా, మెట్టినింటి ఇంటిపేరా అంటే, నేర్చింది పుట్టింట్లో, చేసింది మెట్టినింట్లో అంటుంది. రెండు మూడు మాటలు కూడా తేలాల్సి ఉన్నాయి. పాత పడుగుకి కొత్తది అతికేటప్పుడు ఆమె వేళ్ళు చేసే మెలికకి ఒక మాట చెప్పింది, అది నేను విన్నట్టు రాస్తే కాదంటోంది, ఆమె పలికినట్టు రాయడానికి నాకు అక్షరం దొరకడం లేదు. వచ్చే ఆదివారం ఆమె రాదు, బళ్ళారిలో మనవరాలి సీమంతం. ఫిజిక్సు మేడం ఆ వారంలోనే ఎమ్మిగనూరు వెళ్ళి, పక్కన కూచుని, నాలుగు పోగులు అతికి చూసి వస్తానంటోంది.